విమానయానంపై నియంత్రణల ఎత్తివేతతో ప్రయాణికుడికి ఏమి మారింది? శ్రీకాకుళం, విజయనగరం ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం పట్టణంలో ఇరవై ఏళ్లకు పైగా రైలు, విమాన టికెట్లు తీసి ఇచ్చే పనిలో ఉన్నాను. బల్లకు అవతల కూర్చున్నవారు అడిగే ప్రశ్నలు ఏటా దాదాపుగా అవే. ఉదయం చూసిన ఛార్జీ సాయంత్రానికి ఎందుకు మారింది, బ్యాగుకు మళ్ళీ డబ్బెందుకు కట్టాలి, విమానం రద్దయితే ఎవరిని అడగాలి అని అడుగుతారు. వీటన్నిటికీ మూలం ఒక్కచోటే ఉంది. ధరలనూ మార్గాలనూ నిర్ణయించే అధికారం ప్రభుత్వం చేతిలోనుంచి విమాన సంస్థల చేతికి వెళ్ళింది. ఆ మార్పు ఎలా జరిగిందో తెలిస్తే టికెట్ కొనేటప్పుడు ఎక్కడ జాగ్రత్తపడాలో, ఎక్కడ గట్టిగా అడగాలో కూడా తెలుస్తుందన్న నమ్మకంతో ఈ జవాబులను ఒకచోట రాసి పెడుతున్నాను.

నియంత్రణల ఎత్తివేత అంటే అసలు ఏమిటి?

ఏ సంస్థ విమానాలు నడపవచ్చు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి నడపవచ్చు, టికెట్‌కు ఎంత వసూలు చేయవచ్చు అనే మూడు విషయాలను ఒకప్పుడు ప్రభుత్వమే తేల్చేది. ఆ మూడింటినీ చాలావరకు సంస్థల ఇష్టానికి వదిలివేయడాన్నే నియంత్రణల ఎత్తివేత అంటున్నాము. విమానం ఎగరడానికి తగిన స్థితిలో ఉన్నదా, పైలట్‌కు చాలినంత విశ్రాంతి దొరికిందా, రద్దయిన విమానానికి డబ్బు తిరిగి ఇచ్చారా అన్న విషయాల్లో ప్రభుత్వ అధికారం అలాగే ఉన్నది. ఈ తేడాను మొదటే చెప్పడానికి కారణం ఉంది. "అంతా ప్రైవేటు అయిపోయింది కదండీ, ఇంక అడిగేదేముంది" అంటూ తమకు న్యాయంగా రావలసిన డబ్బును వదులుకుని వెళ్ళిపోయినవారిని చాలామందిని చూశాను.

అంతకుముందు మన దేశంలో విమాన ప్రయాణం ఎలా ఉండేది?

1953లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి అప్పటి ప్రైవేటు విమాన సంస్థలన్నీ ప్రభుత్వపరమయ్యాయి. విదేశీ మార్గాలు ఎయిర్ ఇండియాకు, దేశంలోని మార్గాలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు దక్కాయి. ఆ తరువాత నాలుగు దశాబ్దాలపాటు దేశంలో రెండు ఊళ్ళ మధ్య నిర్ణీత వేళలకు విమానం నడిపే హక్కు ఆచరణలో ప్రభుత్వ సంస్థలకే ఉండేది. ఛార్జీ పెంచినా తగ్గించినా అది ప్రభుత్వ నిర్ణయమే.

మా మేనమామ ఉద్యోగరీత్యా ఢిల్లీ వెళ్ళవలసి వచ్చిన రోజుల్లో టికెట్ కోసం ఆమదాలవలసలో రైలెక్కి విశాఖపట్నం దాకా వెళ్ళేవారు. ఆ టికెట్ చెక్కుబుక్కు అంత పొడవున్న పలుచని పుస్తకం. కాగితం వెనుక ఎర్రటి కార్బన్ పూత ఉండేది. చేత్తో పట్టుకుంటే వేళ్ళకు అంటుకునేది. ఒక్కొక్క ప్రయాణానికి ఒక్కొక్క కాగితం చొప్పున విమానాశ్రయంలో చింపుకునేవారు. తిరుగు ప్రయాణానికి సీటు ముందే ఖాయమైనా, వెళ్ళిన ఊళ్ళో మళ్ళీ ఆఫీసుకు పోయి "వస్తున్నాను" అని చెప్పి రావాలి. చెప్పకపోతే ఆ సీటు వేరొకరికి పోయే ప్రమాదం ఉండేది. టికెట్ పోగొట్టుకుంటే డబ్బు పోగొట్టుకున్నట్టే. ప్రపంచమంతటా కాగితపు టికెట్లకు స్వస్తి చెప్పి ఎలక్ట్రానిక్ టికెట్లకు మారడం 2008 జూన్‌లో పూర్తయింది. నేటి పిల్లలకు ఆ పుస్తకం చూపిస్తే పాత పాస్‌పుస్తకం అనుకుంటారు.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది? అమెరికాలో ఏమి జరిగింది?

అమెరికాలో విమాన సంస్థలు మొదటినుంచీ ప్రైవేటువే అయినా, 1938 నాటి చట్టంతో ఏర్పడి సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు అని పేరుపొందిన సంస్థ రాష్ట్రాల మధ్య మార్గాలనూ ఛార్జీలనూ నిర్ణయించేది. కొత్తగా ఒక మార్గంలో విమానం వేయాలంటే, ఆ మార్గం ప్రజలకు అవసరమని బోర్డు ఎదుట రుజువు చేయాలి. అప్పటికే అక్కడ నడుపుతున్న సంస్థలు దానికి అభ్యంతరం చెప్పవచ్చు. 1950 నుంచి 1974 వరకు కొత్తగా పెద్ద మార్గాల్లో విమానాలు నడుపుతామని 79 దరఖాస్తులు వస్తే బోర్డు ఒక్కదానికీ అనుమతి ఇవ్వలేదు.

ఈ వ్యవస్థలోని లోపం ఒక పోలికతో బయటపడింది. ఒకే రాష్ట్రం సరిహద్దుల్లో తిరిగే విమానాలపై ఆ బోర్డుకు అధికారం లేదు. అందువల్ల కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలిస్ మధ్య ఛార్జీ, దాదాపు అంతే దూరమున్న బోస్టన్, వాషింగ్టన్ మధ్య ఛార్జీలో సగంకంటే తక్కువగా ఉండేది. విమానాలు అవే, ఇంధనమూ అదే. తేడా అల్లా రెండో మార్గం రాష్ట్రాల మధ్యది కావడమే. టెక్సాస్‌లో 1971లో మొదలైన సౌత్‌వెస్ట్ సంస్థ కూడా రాష్ట్రం దాటకుండానే చవక ఛార్జీలతో నడిచింది. 1975లో సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ జరిపిన విచారణలో ఈ లెక్కలన్నీ ప్రజల ముందుకు వచ్చాయి. 1977లో ఆల్ఫ్రెడ్ కాన్ అనే ఆర్థికవేత్త బోర్డు అధ్యక్షుడై, తాను నడుపుతున్న సంస్థ అధికారాలనే ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ వచ్చారు. 1978 అక్టోబరు 24న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ నియంత్రణల ఎత్తివేత చట్టంపై సంతకం చేశారు. 1984 చివరికి ఆ బోర్డే రద్దయింది. ఒక ప్రభుత్వ కార్యాలయం తన అవసరం తీరిందని తానే ఒప్పుకుని మూతపడడం చాలా అరుదు. అందుకే ఈ ఘట్టమంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

ఆ రోజుల్లో విమానంలో మర్యాదలు, భోజనాలు బాగుండేవంటారు. నిజమేనా?

నిజమే, కాని దానికి కారణం సంస్థల మంచితనం ఒక్కటే కాదు. ధర తగ్గించి ప్రయాణికుడిని ఆకర్షించే వీలు లేనప్పుడు భోజనం, సీటు వెడల్పు, విమానాల సంఖ్య మీదనే పోటీ పడాలి. అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా వెళ్ళే విమానాల్లో చవక తరగతి ప్రయాణికులకు రొట్టె ముక్కల మీద ఏమేమి పెట్టి ఇవ్వవచ్చన్న విషయం మీద 1958లో అంతర్జాతీయ విమాన సంస్థల సమాఖ్యలో పెద్ద తగవే జరిగింది. ధర అందరికీ ఒక్కటే కాబట్టి ఒక సంస్థ మంచి రొట్టె పెడితే అది తక్కువ ధరకు అమ్మినట్టేనని మిగిలిన సంస్థలు ఫిర్యాదు చేశాయి. అప్పట్లో అమెరికా విమానాల్లో సగటున సగానికి కొంచెం పైగా సీట్లు మాత్రమే నిండేవి. నేడు 80 శాతం పైగా నిండుతున్నాయి. పక్క సీటు ఖాళీగా ఉండడం ఆనాటి సుఖంలో పెద్ద భాగం, అయితే ఆ ఖాళీ సీటు ఖరీదు కూడా కూర్చున్నవాడి టికెట్‌లోనే కలిసి ఉండేది. ఆ ధర పెట్టలేనివాడు విమానం మెట్లదాకా వచ్చేవాడే కాదు గనుక అతని అసౌకర్యం ఎవరి లెక్కలోకీ రాలేదు.

మన దేశంలో నియంత్రణలు ఎప్పుడు పోయాయి?

ఒక్క రోజులో పోలేదు. 1990ల మొదట్లో ఎయిర్ టాక్సీల పేరిట ప్రైవేటు సంస్థలకు తలుపు కొంత తెరిచారు. 1992లో ఈస్ట్ వెస్ట్, 1993లో జెట్ ఎయిర్‌వేస్, సహారా, దమానియా, మోడీలుఫ్త్ రంగంలోకి దిగాయి. 1953 చట్టాన్ని రద్దు చేసే చట్టం 1994లో వచ్చి, ఆ ఏడాది మార్చి 1 నుంచి అమలైంది. దానితో ప్రైవేటు సంస్థలకు నిర్ణీత వేళల్లో విమానాలు నడిపే హక్కు లభించింది. తొలి తరంలో జెట్, సహారా తప్ప తక్కినవి ఆ దశాబ్దం గడవకముందే కనుమరుగయ్యాయి.

సామాన్యుడికి ఈ మార్పు తెలిసింది మాత్రం 2003 ఆగస్టులో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్‌ను ప్రారంభించిన తరువాతనే. ఒకే తరగతి, భోజనానికి విడిగా డబ్బు, ముందుగా కొన్న కొద్దిమందికి ఒక్క రూపాయి టికెట్ అన్న పద్ధతిని ఆయన తెచ్చారు. ఒక్క రూపాయి మీద పన్నులూ రుసుములూ ఉంటాయని చెప్పినా వినకుండా, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టినవారు నాకు ఇంకా గుర్తున్నారు. 2005లో స్పైస్‌జెట్, 2006 ఆగస్టులో ఇండిగో మొదలయ్యాయి. 2024లో దేశీయ మార్గాల్లో 16 కోట్లకు పైగా ప్రయాణికులు తిరిగారు. ఉద్దానం నుంచి మర్చంట్ నేవీలో చేరే కుర్రాడు ముంబయికి విమానంలో వెళ్ళడం, వైద్యం కోసం తల్లిని తీసుకుని ఒక చిన్న ఉద్యోగి గంటలో హైదరాబాదు చేరడం ఈ మార్పు వల్లనే సాధ్యమయ్యాయి. నేను ఈ విధానాన్ని మొత్తం మీద సమర్థించేది ఇందుకే.

ఒకే విమానంలో పక్కపక్క సీట్లకు వేర్వేరు ధరలెందుకు?

ధర నిర్ణయించే స్వేచ్ఛ రాగానే సంస్థలు ఒక సంగతి గ్రహించాయి. రెండు నెలల ముందు సెలవులకు టికెట్ కొనేవాడు ధర చూసి మనసు మార్చుకుంటాడు. రేపు ఉదయం ఆసుపత్రికి చేరవలసినవాడు మార్చుకోలేడు. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ, చవకగా నడిచే పీపుల్ ఎక్స్‌ప్రెస్‌ను ఎదుర్కోవడానికి, అన్ని సీట్ల ధరా తగ్గించకుండా మిగిలిపోతాయనుకున్న సీట్లను మాత్రమే తక్కువకు అమ్మే కంప్యూటరు పద్ధతిని బలంగా వాడింది. రెండేళ్ళు తిరిగేసరికి పీపుల్ ఎక్స్‌ప్రెస్ వేరే సంస్థలో కలిసిపోయింది. నేడు అన్ని సంస్థలదీ ఆ పద్ధతే.

విమానంలో 180 సీట్లున్నాయనుకుందాం. వాటిని ఒకే ధరకు అమ్మరు. పది పన్నెండు అరలుగా విడదీసి, అట్టడుగు అరలోని కొద్ది సీట్లను తక్కువ ధరకు, అవి అయిపోగానే పై అరలోనివి ఇంకొంచెం ఎక్కువ ధరకు అమ్ముతారు. అమ్మకం ఊపును బట్టి కంప్యూటరు ఈ అరలను తెరుస్తూ మూస్తూ ఉంటుంది. "ఫోనులో రెండుసార్లు చూస్తే ధర పెంచేస్తారు" అని చాలామంది నమ్ముతారు. నా అనుభవంలో ధర మారినప్పుడు ఎక్కువగా కారణం అర ఖాళీ కావడమే.

కుటుంబంతో వెళ్ళేవారికి ఇందులో ఒక కిటుకు ఉంది. మీరు నలుగురికి ఒకేసారి వెతికినప్పుడు చవక అరలో మూడు సీట్లే మిగిలి ఉంటే, చాలా సందర్భాల్లో నలుగురికీ పై అర ధరే చూపుతుంది. కాబట్టి ముందు ఒక్కరికి, తరువాత ఇద్దరికి, ముగ్గురికి వెతికి చూడండి. తేడా కనిపిస్తే రెండు బుకింగులుగా తీసుకోండి. చంటిబిడ్డలతోనో ముసలివారితోనో వెళ్తున్నప్పుడు మాత్రం అలా విడదీయవద్దని చెబుతాను, ఎందుకంటే విమానం రద్దయితే రెండు బుకింగులవారిని వేర్వేరు విమానాల్లోకి మార్చే ప్రమాదం ఉంటుంది.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి విశాఖ ఛార్జీ అంత పెరుగుతుంటే ప్రభుత్వం ఎందుకు ఆపదు?

ఈ ప్రశ్న ప్రతి డిసెంబరులోనూ వస్తుంది. 1937 నాటి విమాన నిబంధనల్లో 135వ నిబంధన కింద ఛార్జీని ఖర్చును, సేవల తీరును, సముచితమైన లాభాన్ని చూసుకుని సంస్థే నిర్ణయించుకుంటూ వచ్చింది. ఆ ఛార్జీలను ప్రకటించవలసిన బాధ్యత మాత్రం సంస్థదే. అంటే మామూలు రోజుల్లో ప్రభుత్వం ధర పెట్టదు.

అసాధారణ పరిస్థితుల్లో మాత్రం జోక్యం చేసుకున్నది. కరోనా తరువాత 2020 మే 25న దేశీయ విమానాలు మళ్ళీ మొదలైనప్పుడు ప్రయాణకాలాన్ని బట్టి కనిష్ఠ, గరిష్ఠ ఛార్జీలను పెట్టి, 2022 ఆగస్టు 31న ఎత్తివేసింది. 2025 డిసెంబరులో పైలట్ల విశ్రాంతి నిబంధనల అమలు సమయంలో ఇండిగో విమానాలు పెద్ద సంఖ్యలో రద్దయి, మిగిలిన సంస్థల ఛార్జీలు మిన్నంటినప్పుడు, 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, 1,000 లోపు 12,000 అంటూ దూరాన్ని బట్టి తాత్కాలికంగా హద్దులు విధించింది. కనుక అధికారం లేదనడం సరికాదు. పండుగ రద్దీని అటువంటి పరిస్థితిగా పరిగణించడం లేదు, అంతే.

నా అభిప్రాయం అడిగితే, ఏడాది పొడవునా ధరకు హద్దు పెట్టడం వల్ల విమానాలే తగ్గిపోతాయి. కాని మన జిల్లాల వలస ప్రజలందరూ ఒకే నాలుగు రోజుల్లో ఇంటికి రావలసి వచ్చే పండుగకు, అదనపు విమానాలు వేయించే బాధ్యతనైనా ప్రభుత్వం తీసుకోవాలి. రైల్వేలు పండుగ ప్రత్యేక రైళ్ళు వేస్తున్నప్పుడు ఆకాశంలో ఆ ఆలోచన ఎందుకు రాకూడదు?

భోజనానికి, సీటుకు, లగేజీకి విడివిడిగా డబ్బు ఎందుకు?

ధర మీద పోటీ మొదలైతే జాబితాలో అందరికంటే చవకగా, ముందుగా కనిపించే ధర తమదే కావాలని ప్రతి సంస్థా కోరుకుంటుంది. అందుకు టికెట్‌లో కలిసి ఉన్న సేవలను ఒక్కొక్కటిగా బయటకు తీశారు. మన దేశంలో విమానయానాన్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2013లో సీటు ఎంపిక, భోజనం వంటివాటికి విడిగా వసూలు చేయడానికి అనుమతించింది. 2021లో చెక్-ఇన్ లగేజీ, అంటే విమానాశ్రయంలో అప్పగించే సామాను, లేకుండా వెళ్ళేవారికి తక్కువ ధరకు టికెట్ అమ్మవచ్చన్నది. అందుచేత టికెట్ కొనేటప్పుడు అందులో 15 కిలోలు ఉన్నాయా, 7 కిలోల హ్యాండ్ బ్యాగు మాత్రమేనా అన్నది చూడకుండా డబ్బు కట్టవద్దు. విమానాశ్రయంలో కట్టే అదనపు లగేజీ ధర ముందుగా కొనే ధరకంటే బాగా ఎక్కువ.

మన ప్రాంతంవారికి దీనికి తోడు మరో ఇబ్బంది ఉంది. సోంపేట వైపు నుంచి కొడుకు దగ్గరకు బెంగళూరు వెళ్తున్న ఒక పెద్దావిడకు మొదటిసారి టికెట్ తీసి, తోడుగా విమానాశ్రయం దాకా వెళ్ళాను. సంచిలో పలాస జీడిపప్పు, ఆవకాయ సీసా, పాత చీర ముక్కలో చుట్టిన పది కురిడీ కొబ్బరికాయలు ఉన్నాయి. తూకం రెండు కిలోలు ఎక్కువ వచ్చింది. ఆవకాయను చేతి సంచిలోకి మార్చబోతే అది చేతి సంచిలో కుదరదన్నారు. కురిడీ అయితే రెండు చోట్లా కుదరదన్నారు. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువగా ఉండి తానుగా వేడెక్కి అంటుకునే స్వభావం ఉన్నందున దానిని విమానంలో నిషేధించారు. ఆవిడ ఆ కాయలను ఒక్కొక్కటిగా నా చేతుల్లో పెట్టి, "మా చెట్టువే బాబూ, పారేయకు" అన్నారు. అప్పటినుంచి ప్రతి టికెట్ వెనుకా జీడిపప్పు ఎందులోనైనా సరే, పచ్చడి చెక్-ఇన్ లగేజీలోనే, కురిడీ వద్దు అని రాసి ఇస్తున్నాను.

సీట్లు ఇరుకయ్యాయన్నది మా భ్రమా?

భ్రమ కాదు. వరుసకూ వరుసకూ మధ్య దూరం ఒకప్పుడు 34 అంగుళాల దాకా ఉండేది; నేడు చవక సంస్థల్లో 28 నుంచి 30 అంగుళాల వరకే ఉంటున్నది. ఒకే ఎయిర్‌బస్ ఏ320 విమానంలో 180, 186 సీట్లు అమరుస్తున్నారు. పొడగరులు అత్యవసర ద్వారం పక్క వరుసకు డబ్బు కట్టి తీసుకోవడం తప్ప మార్గం లేదు.

చవక విమానాల వల్ల భద్రత తగ్గిందా?

ధర వదిలేసినా భద్రతా తనిఖీని ఏ దేశమూ వదిలేయలేదు. అమెరికాలో అది ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ చేతిలోనే ఉండిపోయింది. మన దగ్గర డీజీసీఏ చేతిలో ఉంది. చవక టికెట్ ఉన్న విమానానికి వేరే తనిఖీ ప్రమాణం అంటూ లేదు. విమానాశ్రయంలో తనిఖీ వరుసలు పొడవైనందుకు కూడా ఈ విధానాన్ని నిందించవద్దు; 1999 డిసెంబరులో కాందహార్ హైజాక్ జరిగిన తరువాత, 2000 నుంచి విమానాశ్రయాల కాపలాను కేంద్ర భద్రతా దళమైన సీఐఎస్ఎఫ్‌కు అప్పగించారు.

విమానం ఆలస్యమైనా రద్దయినా నాకు రావలసినవి ఏమిటి?

ఈ జవాబును మాత్రం నిదానంగా చదవండి. డీజీసీఏ నిబంధనల ప్రకారం రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే, అంటే విశాఖ నుంచి హైదరాబాదు, బెంగళూరు, చెన్నై వంటి ఊళ్ళకైతే, రెండు గంటలకు మించి ఆలస్యమైనప్పుడు ఎదురుచూస్తున్న ప్రయాణికుడికి ఆహారం, పానీయాలు ఇవ్వాలి. ఆలస్యం ఆరు గంటలు దాటితే వేరే విమానమో పూర్తి డబ్బో ప్రయాణికుడు కోరుకున్నది ఇవ్వాలి.

రద్దు చేస్తే వేరే విమానం లేదా పూర్తి డబ్బు మీ హక్కు. 24 గంటల ముందైనా చెప్పకుండా రద్దు చేస్తే దానికి అదనంగా పరిహారం కూడా ఉంది. ప్రయాణకాలం గంట లోపైతే 5,000, రెండు గంటల లోపైతే 7,500, అంతకు మించితే 10,000 రూపాయలు. లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం. రెండింటిలో ఏది తక్కువైతే అది ఇస్తారు. సీట్లకంటే ఎక్కువ టికెట్లు అమ్మి, ఖాయమైన టికెట్ ఉన్నవారిని ఎక్కించుకోకపోతే, గంటలోగా వేరే విమానం చూపనప్పుడు మూల ఛార్జీకి రెండింతలు, దానికి ఇంధన ఛార్జీ కలిపి 10,000 రూపాయల హద్దుతో, 24 గంటలు దాటితే నాలుగింతలు, ఇంధన ఛార్జీ కలిపి 20,000 రూపాయల హద్దుతో ఇవ్వాలి. అయితే ముందుగా స్వచ్ఛందంగా దిగిపోయేవారెవరైనా ఉన్నారా అని అడగాలి. ఇలా అడిగే ఆచారం కూడా 1978లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ కాన్ కాలంలో వచ్చినదే. అంతకుముందు ఎవరిని దించాలన్నది సిబ్బంది ఇష్టం.

తుపాను, పొగమంచు, విమాన నియంత్రణ కేంద్రం ఆదేశం వంటి సంస్థ చేతిలో లేని కారణాలకు పరిహారం ఉండదు. చిక్కంతా ఇక్కడే వస్తుంది. ఒక జనవరిలో నేను, నా భార్య విశాఖ నుంచి వెళ్ళవలసిన సాయంత్రపు విమానాన్ని బయలుదేరవలసిన సమయానికి గంట ముందు రద్దు చేశారు. కౌంటరులోని అమ్మాయి "వాతావరణం సార్" అన్నది. అదే వేళకు అదే ఊరికి మరో సంస్థ విమానం మా కళ్ళముందే ఎగిరింది. కారణాన్ని కాగితం మీద రాసి ఇవ్వమని అడిగాను. ఇరవై నిమిషాల తరువాత ఒక అధికారి వచ్చి, విమానం అందుబాటులో లేకపోవడమే కారణమని రాసి సంతకం చేశారు. ఆ కాగితమే తరువాత మా పరిహారానికి ఆధారమైంది. నోటి మాటతో వెనుదిరగవద్దని నేను అందరికీ చెప్పడం ఆనాటినుంచే.

మీరే టికెట్ రద్దు చేసుకున్నప్పుడు కూడా, అది డబ్బు తిరిగి రాని టికెట్ అయినా సరే, విమానాశ్రయ రుసుములు, ప్రభుత్వ పన్నులు తిరిగి ఇవ్వవలసిందే. చాలామంది ఆ మొత్తాన్ని అడగనే అడగరు.

సంస్థే మూతపడితే నా డబ్బు ఏమవుతుంది?

పోటీకి ఉన్న చేదు ముఖం ఇదే. అమెరికాలో బ్రానిఫ్ 1982లో, ఈస్టర్న్, పాన్ యామ్ 1991లో ఆగిపోయాయి. మన దగ్గర కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో నిలిచిపోయాయి. సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్తే ముందుగా డబ్బు కట్టిన ప్రయాణికుడు అప్పులవాళ్ళ వరుసలో చాలా వెనుక నిలబడవలసి వస్తుంది. సంస్థ జీతాలు ఇవ్వడం లేదనో, విమానాలను తిరిగి తీసుకుంటున్నారనో వార్తలు వస్తుంటే ఆరు నెలల ముందు టికెట్ కొనవద్దు. క్రెడిట్ కార్డుతో కట్టినవారు బ్యాంకు ద్వారా అభ్యంతరం తెలిపి డబ్బు రాబట్టుకునే అవకాశం ఉంటుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు దీనివల్ల ఏమి ఒరిగింది?

స్వేచ్ఛ ఇస్తే విమానాలన్నీ లాభమున్న పెద్ద మార్గాలకే పోతాయన్న భయం అన్ని దేశాల్లోనూ ఉన్నది. అమెరికా చట్టం చిన్న ఊళ్ళకు ప్రభుత్వ సహాయంతో విమానాలు నడిపే పథకాన్ని పెట్టింది. మన ప్రభుత్వం 1994లోనే మార్గాలను తరగతులుగా విభజించి, పెద్ద మార్గాల్లో ఎంత నడుపుతారో దానిలో సగం మేరకు మిగతా మార్గాల్లోనూ నడపాలని నిబంధన పెట్టింది. విశాఖపట్నం వంటి నగరాలకు తొలినాళ్ళలో విమానాలు రావడానికి అది కొంత ఆసరా.

రెండో ప్రయత్నం ఉడాన్. 2016 జూన్‌లో వచ్చిన జాతీయ పౌర విమానయాన విధానం నుంచి పుట్టిన ఈ పథకం కింద మొదట్లో సుమారు గంట ప్రయాణానికి సగం సీట్లను 2,500 రూపాయలకు మించకుండా అమ్మాలన్నారు. తక్కువపడ్డ సొమ్ములో కొంత మూడేళ్ళపాటు ప్రభుత్వం ఇచ్చేది. ఆ విధానం వచ్చినప్పుడు పౌర విమానయాన మంత్రి విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు. 2024 జూన్‌లో ఆ శాఖనే చేపట్టినవారు శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. ఈ పక్కపక్క జిల్లాల నుంచి ఇద్దరు మంత్రులు ఆ శాఖకు వెళ్ళడం మనకు గర్వకారణమే. కాని ఉడాన్ ఫలితాలను నిజాయితీగా చూడాలి. 2023లో వచ్చిన, ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదిక ప్రకారం మొదటి మూడు విడతల్లో కేటాయించిన 774 మార్గాల్లో 371 మాత్రమే మొదలయ్యాయి. సహాయం ముగిసిన తరువాత కూడా నిలిచినవి 54. రన్‌వే వేసినంత మాత్రాన విమానం రాదు. రోజూ నిండేంత జనమూ, సరసమైన ఖర్చూ ఉండాలి. మా జిల్లాలో ప్రతి మండలానికీ విమానాశ్రయం కావాలనే మిత్రులతో నేను ఏకీభవించలేకపోవడానికి కారణం ఈ అంకెలే.

విశాఖ విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా ప్రాంగణంలో ఉన్నందున పౌర విమానాల వేళలకు పరిమితులుంటూ వచ్చాయి. సంస్థకు విమానం వేసే స్వేచ్ఛ ఉన్నా దిగడానికి వేళ దొరకకపోతే ఆ స్వేచ్ఛకు అర్థం లేదు. అందుకే విజయనగరం జిల్లా భోగాపురం వద్ద జీఎంఆర్ సంస్థ చేపట్టిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం మన ఛార్జీల విషయంలో ముఖ్యమైనది. కొత్త వేళలు వస్తే ఒకే మార్గంలో రెండో సంస్థ, మూడో సంస్థ దిగుతాయి. అప్పుడే ధర దిగుతుంది. అయితే కొత్త విమానాశ్రయాల్లో ప్రయాణికుల రుసుము ఎక్కువగా ఉండే ఆనవాయితీ ఉన్నది కనుక టికెట్‌లోని ఆ గడిని చూసుకోండి. ఇచ్ఛాపురం, కవిటి వైపువారు భువనేశ్వర్ ఛార్జీని కూడా పోల్చి చూడడం మంచిది. విశాఖతో పోలిస్తే దూరం అటే తక్కువ.

నేరుగా విమానం లేక హైదరాబాదులో ఎందుకు మారవలసి వస్తున్నది?

సంస్థలు చిన్న ఊళ్ళ ప్రయాణికులందరినీ ఒక పెద్ద విమానాశ్రయానికి చేర్చి అక్కడినుంచి పంచుతాయి; బండి చక్రంలోని కమ్మీలన్నీ నడిమి కుండలో కలిసినట్టు. అమెరికాలో 1978 తరువాత ఈ పద్ధతి విస్తరించింది. దీనివల్ల చేరుకోగల ఊళ్ళు పెరిగాయి, ప్రయాణ సమయమూ పెరిగింది. రెండు విమానాలనూ ఒకే టికెట్ మీద తీసుకోండి. విడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఎవరికీ బాధ్యత ఉండదు.

పోటీ మిగిలిందా, లేక మళ్ళీ ఒక్క సంస్థ చేతికే వెళ్తున్నదా?

ఈ విషయమే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్ళింది. నేడు దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా ఒక్క ఇండిగోలోనే ప్రయాణిస్తున్నారు. నియంత్రణలు తీసివేసిన వాదనకు మూలం, నచ్చకపోతే ప్రయాణికుడు మరో సంస్థకు పోగలడన్నదే. ఆ మరో సంస్థ లేని మార్గంలో ప్రయాణికుడిని కాపాడేది డీజీసీఏ నిబంధనలొక్కటే. 2025 డిసెంబరులో విమానాశ్రయాల్లో నేల మీద పడుకున్న కుటుంబాలను చూసినవారికి దీనిని వేరుగా వివరించనక్కరలేదు. మార్గానికి కనీసం ఇద్దరు పోటీదారులు ఉండేలా చూడడం ఇకమీద ప్రభుత్వ ధర్మమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

మొదట సంస్థకే రాతపూర్వకంగా పంపి, వారు ఇచ్చే ఫిర్యాదు సంఖ్యను దాచుకోవాలి. జవాబు రాకపోయినా, తృప్తికరంగా లేకపోయినా పౌర విమానయాన శాఖ 2016 నవంబరులో ప్రారంభించిన ఎయిర్ సేవ పోర్టల్‌లో టికెట్, బోర్డింగ్ పాసు, సందేశాల చిత్రాలు జతచేసి నమోదు చేయాలి. అక్కడా పని జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. 2019 చట్టం ప్రకారం సంస్థ కార్యాలయం ఎక్కడున్నా సరే, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు; అంటే టికెట్ గురుగ్రామ్‌లో అమ్మినా మీరు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు, వకీలును పెట్టుకోవడమూ తప్పనిసరి కాదు. కాగితాలు తీసుకుని వస్తే ఫిర్యాదు రాయడంలో నేనూ సాయం చేస్తాను. దానికి డబ్బు తీసుకోను.